మెకానిక్ ముందు ఆగని మిషను

ఆ రోజు పొద్దున సీనియరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా దరఖాస్తుకు మూడు కాపీలు తీయాలి, మేనేజరు చేత సంతకం పెట్టించాలి, ఐదులోగా హెడ్డాఫీసులో ఇచ్చేయాలి. అక్కడి సూపర్వైజరు పోస్టుకు అదే ఆఖరి రోజు. పందొమ్మిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నందుకు ఈ ఆఫీసు ఆమెకిచ్చిన ప్రమోషను సీనియరమ్మ అనే ముద్దుపేరొక్కటే. "రాకపోతే కొంపలేం అంటుకోవులే," అని భర్త పేపరు వెనకనుంచే దీవించి పంపాడు.

కాపీ మిషను మొదటి కాగితాన్ని సగం మింగి టప్పున ఆరిపోయింది.

నాలుగేళ్ళుగా దానికిదే జబ్బు. ఎప్పుడాగుతుందో, ఎందుకాగుతుందో ఎవరికీ తెలియదు. ఆగితే మళ్ళీ తేరుకోవడానికి పావుగంట. ఆఫీసులో తలా ఒక వైద్యం చేస్తారు. అటెండరు ఎడమ పక్కన రెండు చరుపులు చరుస్తాడు. క్యాషియరు ప్లగ్గు పీకి, ఇరవై లెక్కపెట్టి, మళ్ళీ పెడతాడు. ఆ రోజు గొంతునొప్పితో మఫ్లరు చుట్టుకొచ్చిన మేనేజరు మాత్రం అసలు రోగమే కనిపెట్టాడు.

"మిషన్‌కేం లేదమ్మా. మీ చెయ్యే మంచిది కాదు. మీరు ముట్టుకుంటేనే ఆగుతుంది."

"కాపీలన్నీ నేనే తీస్తుంటే ఇంకెవరు ముట్టుకున్నప్పుడు ఆగుతుంది సార్?"

"నేననేదీ అదే," అన్నాడు గెలిచినవాడిలా.

పదకొండింటికి మెకానిక్ వచ్చాడు. మేనేజరు అలవాటు ప్రకారం గదిలోంచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని అతని నెత్తిమీద నిలబడ్డాడు. మిషను నంగనాచిలా నలభై కాపీలు తీసింది. మెకానిక్ గేటు దాటాడో లేదో ఆగిపోయింది. మళ్ళీ పిలిచారు, మళ్ళీ నడిచింది. మూడోసారి అతను సంచీ కూడా విప్పలేదు. "అక్కా, నన్ను చూడాలనుంటే టీకి పిలువు. పాపం, మిషన్ మీదెందుకు నింద?"

అతను వెళ్ళగానే ఆగిన మిషనును అటెండరు ఉత్సాహంగా మూడో చరుపు చరిచాడు. నల్లపొడి డబ్బా ఊడి దరఖాస్తు మీదా, సీనియరమ్మ చీర మీదా బోర్లాపడింది. ఆమె డబ్బా తిరిగి బిగించి, దరఖాస్తు మళ్ళీ రాయడానికి కూర్చుంది. ఈలోగా ఆఫీసు సొత్తు పాడుచేసినందుకు సంజాయిషీ అడుగుతూ మేనేజరు నుంచి ఆమెకే మెమో వచ్చింది.

రెండున్నరకు మిషను మళ్ళీ ఆరిపోయింది. ఆ నిశ్శబ్దంలో మేనేజరు గదిలో నీళ్ళు కుతకుతమనడం, ఆ వెంటనే ఆయన రోజూ టీకి నీళ్ళు కాచుకునే కరెంటు కెటిల్ టక్కుమనడం వినిపించాయి. సీనియరమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. మెకానిక్ వస్తే మేనేజరు బయట ఉంటాడు. మేనేజరు బయట ఉంటే కెటిల్ ఆగి ఉంటుంది!

అడగకుండానే గదిలోకెళ్ళి కెటిల్ ప్లగ్గు పీకేసింది. పావుగంటకు మిషను తేరుకుని మూడు కాపీలూ తీసిచ్చింది. నాలుగోసారి వచ్చిన మెకానిక్ ఆమె మాట విని గోడలో బోర్డు విప్పి నాలుక్కరుచుకున్నాడు. "రెండూ ఒకే లైను మీదున్నాయి సార్. లోపల వైరు వదులైపోయింది. మీరు నీళ్ళు పెట్టినప్పుడల్లా మిషన్‌కి కరెంటు చాలట్లేదు."

అటెండరు నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. మేనేజరు మఫ్లరు సవరించుకుని, మెమో చింపేసి, చిరునవ్వు నవ్వాడు. "నాలుగేళ్ళుగా ఎవరికీ అంతుబట్టనిది పట్టేశారే! మీ చేతిలో ఏదో ఉందమ్మా."

దరఖాస్తు కింద సంతకంతో పాటు రెండు వాక్యాలు కూడా రాశాడు. పొగడ్తేమో అనుకుంటూ ఆమె గుమ్మం దగ్గరే ఆగి చదివింది. "కాపీ యంత్రం ఈమె ఉంటేనే నడుస్తుంది. కనుక ఈమెను వదులుకోవడం ఈ కార్యాలయానికి సాధ్యం కాదు."

"వైరు మార్పిస్తే సరిపోతుంది కద సార్?"

"వైరెందుకమ్మా, మీరున్నారుగా! ఇకమీదట నీళ్ళు పెట్టేముందు మిమ్మల్నో కేకేస్తా. అన్నట్టు, నేను రాసిందాన్ని ఫైలుకి రెండు కాపీలు తీయండి."

ఆ రెండు కాపీలనూ మిషను ఒక్క క్షణం కూడా ఆగకుండా తీసింది.