సోడా రెండుసార్లు పడిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున అత్తకు కాస్త పని తగ్గించాలనుకుంది రోజారాణి. పెళ్లయి మూడు నెలలైనా సాయవ్వ ఆమెను శనగపిండి దగ్గరికి రానివ్వలేదు. బాన్సువాడ బస్టాండు ముందు ముప్పై ఏళ్లుగా మిర్చి బజ్జీల బండి నడుపుతున్న మనిషి. బడిలో సైన్సు చెప్పే కోడలు ఇంకా పరాయిదేనని ఆమె అనుకుంటోందేమోనని రోజా లోపల్లోపలే కుమిలేది. అందుకే సాయవ్వ మిరపకాయలకని మార్కెట్‌కు వెళ్లగానే పిండిలో పసుపు, వంటసోడా కలిపి మూత పెట్టింది. ఇంతలో ఫోనొచ్చి గదిలోకి వెళ్లింది. తిరిగొచ్చిన సాయవ్వ చేతి అలవాటు కొద్దీ ఉప్పుతో పాటు మళ్లీ పసుపు, సోడా వేసి పిండి కలిపేసింది.

ఉల్లిగడ్డలు కోసివ్వడానికి రోజా కూడా బండి దగ్గరికి వచ్చింది. మొదటి వాయి నూనెలోంచి ఇటుక రంగులో పైకి తేలింది.

"గిదేంది సాయవ్వా, రంగేస్తున్నవా?" అన్నాడు ఆటో నడిపే నగేశ్, నవ్వుతూనే. అతను తింటూనే ఉన్నాడు గానీ పక్కనున్నావిడ ప్లేటు కింద పెట్టేసింది. రంగు అన్న మాట బస్టాండు దాటేసరికి విషమైంది. బిచ్కుంద బస్సు కదిలేసరికి, సాయవ్వ బజ్జీలు తిన్న ఆటో డ్రైవరొకడు దవాఖానలో పడ్డాడని తేలింది. ఆ సంగతి విని నగేశ్ కూడా అయ్యో పాపం అని, ఎవరా డ్రైవరని నలుగురినీ అడిగాడు.

అంతలో అతని భార్య శిరీష, దవాఖానంతా వెతికి, ఏడ్చుకుంటూ వచ్చింది. మూడో బజ్జీ తింటున్న మొగుణ్ణి చూసి, వీపు మీద రెండేసి, అక్కడే కూలబడి మళ్లీ ఏడ్చింది.

సాయవ్వ పొయ్యి ఆర్పేసింది. ముప్పై ఏళ్లలో ఒక్కరూ వేలెత్తి చూపలేదని మెల్లగా అంది. రోజా ఉల్లిగడ్డలు కోసే కత్తి పక్కన పెట్టింది.

"సోడా నేనేసిన అత్తమ్మా. నువ్వు మార్కెట్‌కు పోయినప్పుడు."

"నేను గూడ ఏసిన, బిడ్డా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజా నిమ్మచెక్క తీసి ఒక బజ్జీ మీద పిండింది. చుక్క పడ్డ చోటల్లా ఎరుపు పోయి పసుపు రంగు తేలింది. సోడా ఎక్కువైతే పసుపు ఎర్రబడుతుందని, పులుపు తగిలితే మళ్లీ మామూలవుతుందని తరగతిలో చెప్పినట్టే చెప్పింది. శిరీష కళ్లు తుడుచుకుని, నమ్మకం కుదరక, తనూ ఒక బజ్జీ మీద నిమ్మచెక్క పిండి చూసింది. తర్వాత గుంపంతా నిమ్మకాయల కోసం ఎగబడింది.

సాయవ్వ ఆ పిండి పారబోసి కొత్తది తీసింది. సోడా డబ్బా కోడలి చేతిలో పెట్టింది.

"చదువుకున్న పిల్లవు, చేతులు పాడైతయని రానియ్యలేదు. నీకు మనసున్నదని నాకేమెరుక?"

రోజా చిటికెడే వేసింది. బజ్జీలు పచ్చగా, పొంగి వచ్చాయి. నిమ్మచెక్కలు పట్టుకుని ఎదురుచూస్తున్న జనం ముఖాలు మాత్రం వాడిపోయాయి. ఎర్రవి లేవా అని అడిగారు.

"ఎర్రవి గావాల్నంటే మా కోడలి బడికి పోండ్రి," అంది సాయవ్వ. "ఈడ తినేటియే దొరుకుతయి."