చమురు తీరిన వారంలో రాగ్నా తుంటి

మానవజాతి మీదికి రాబోయే ప్రతి విపత్తుకూ ముందుగా ఫారం అచ్చువేయించి పెట్టుకున్న ఘనత నార్వే దేశానిది. చమురు ఏదో ఒకనాడు తీరిపోతుందని లోకమంతటికీ తెలుసు. అది తీరిపోయే వారం సోమవారం పొద్దున ఎనిమిదింటికి మొదలై, ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముగియాలని తేల్చింది మాత్రం స్టవాంగర్‌లోని చమురనంతర నిత్యజీవన డైరెక్టరేటే.

దీనికి పూర్వాభ్యాసం అని పేరు. ఊరు ఊరంతా వారంపాటు చమురులోంచి పుట్టిన వస్తువు ముట్టకుండా బతికి చూపించాలి. ఊరు నవ్వింది. "మా కార్లన్నీ కరెంటువే, మాకేంటి?" అంది. (ఆ కార్లు ఏం అమ్మి కొన్నారని అక్కడ ఎవరినీ అడగకూడదు. మర్యాద కాదు.)

నవ్వని మనిషి ఒక్కతే, డెబ్బై మూడేళ్ల రాగ్నా. నడిసముద్రంలో చమురు తోడే సెలెన్ అనే వేదిక మీద ముప్పై ఏళ్లు వంట చేసి, అక్కడి ఇనుప మెట్లకు కుడి తుంటిని ధారపోసిన మనిషి. కొత్త కీలు కోసం పద్నాలుగు నెలలు వరుసలో ఉంటే, ఆస్పత్రి ఎట్టకేలకు తేదీ ఇచ్చింది. గురువారం. సరిగ్గా ఆ వారంలోని గురువారం.

సోమవారం ఎనిమిదీ ఒక నిమిషానికి తనిఖీ అధికారి ఫ్రోడె తలుపు తట్టాడు. ఒక చేతిలో కాగితాల అట్ట, రెండో చేతిలో జారిపోతున్న తన ప్యాంటు. ఎలాస్టిక్ చమురు సరుకు కదా. (అధికారులు ఆదర్శంగా ఉండవలెను, నిబంధన 2.)

"కూర్చో ఫ్రోడె, కాఫీ తాగు."

"కూర్చోవడం తేలికే రాగ్నా. లేవాలంటే మూడో చెయ్యి కావాలి."

పళ్ల బ్రష్షు పోయింది. కళ్లజోడు పోయింది. వానకోటు పోయింది. (స్టవాంగర్‌లో వానకోటు తీసుకోవడమంటే చేప దగ్గర మొప్పలు తీసుకోవడమే.) రంగూ చమురే కాబట్టి గీకేయాలి, కిటికీలు గీకడానికి మాత్రం బుధవారం దాకా గడువు ఇచ్చాడు. తర్వాత అతని చూపు ఆస్పత్రి ఉత్తరం మీద పడింది.

"తుంటి కీలు దేంతో చేస్తారు?"

"లోహంతో."

"లోపల గిన్నెకి వేసే పొర?"

రాగ్నా కాఫీలోకి చూసింది. "ప్లాస్టిక్."

"చమురే! కానీ కంగారుపడకు, ప్రత్యామ్నాయం ఉంది. బిర్చి కలప. మన అడవిదే."

"నేను మనిషిని రా, కుర్చీని కాదు!"

"అయితే వాయిదా. మళ్లీ వరుస చివర నిలబడాలి. పద్నాలుగు నెలలే."

"అప్పటికి నన్ను మోసుకెళ్లాలి."

"మోయడానికి చమురు అక్కర్లేదు," అని ఫ్రోడె తృప్తిగా రాసుకున్నాడు.

ఆడది మొండిది. తాత నాటి ఇత్తడి పిడి భూతద్దం తీసి, నలభై ఒక్క పేజీల నిబంధనలూ చదివింది. ముప్పై ఎనిమిదో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది: "చమురు తోడు వేదికలకు పై నిబంధనలేవీ వర్తించవు." (మరి ఈ పూర్వాభ్యాసం ఖర్చు ఎవడు భరిస్తాడు?)

వెంటనే తనకు ఆపరేషన్ చేయాల్సిన డాక్టర్ సున్నీవా ఇంటికి కుంటుకుంటూ బయల్దేరింది. తారురోడ్డు కూడా చమురే కాబట్టి ఊరంతా పొదల్లోంచి నడుస్తోంది. మేయరు గులాబీ ముళ్లలో చిక్కుకుని, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో ప్రజలకు అభివాదం చేస్తున్నాడు.

"సున్నీవా, నీ కత్తులు ఇనుపవేగా?"

"కత్తులు ఇనుపవే. గ్లవ్స్, గొట్టాలు, సెలైన్ సంచులు మొత్తం చమురే. ఈ వారం నేను డాక్టర్ని కాను, ఉన్ని చుట్టుకున్న ఆడమనిషిని."

"అయితే నా కీలుతో సహా సరంజామా చేత్తో ముట్టకుండా, పట్టకారుతో సంచిలో వేసుకుని సెలెన్‌కి పద. అక్కడ వంటగదిలో రెండు మీటర్ల స్టీలు బల్ల ఉంది. దాని మీద నేను కోసిన చేపలకు లెక్కలేదు."

"నిన్ను కోస్తే బల్ల ఏమీ అనుకోదుగా?"

ఉన్ని తెరచాప కట్టిన పాత చెక్కపడవ ఎక్కారు. రంగు గీకేశారు, ఏ నిబంధనా మీరలేదు. కానీ రేవులో నలుగురు చూశారు. నలుగురు చూస్తే ఊరు చూసినట్టే. వెనకాలే బిషప్ బయల్దేరాడు, పెట్టుడు పళ్లు తొడుక్కోవడానికి. ఆయన వెనక బడి, పిల్లలతో సహా. తర్వాత బ్యాంకు. బుధవారానికే సెలెన్ మీద ఎనిమిది వందల మంది, వెనక ఇంకా పడవల బారు, వరుస చీటీలిచ్చే యంత్రం, ఆ యంత్రం దగ్గర ఒక వరుస.

"మునిగిపోతాం!" అని వేదిక పెద్ద టెర్యె గగ్గోలు పెట్టాడు.

"మునిగితే శ్రమదానం చేసి లేపుతాం. నువ్వు కాఫీ పెట్టు," అంది రాగ్నా.

గురువారం పక్కగదిలో వాఫెల్ అట్లు కాలుతుండగా, వాటి మీదికి గోధుమరంగు జున్ను తురుముతుండగా, చేపల బల్ల మీద రాగ్నాకి కొత్త తుంటి వచ్చింది. హెలికాప్టర్లు వానకోట్లు దించాయి. బిషప్ నోటినిండా పళ్లతో పాట ఎత్తుకున్నాడు. అంత వైభవంగా ఆ ఊరు ఎన్నడూ బతకలేదు.

ఆదివారం నాలుగింటికి అందరూ తిరిగొచ్చారు. రేవులో ఫ్రోడె ఒక్కడే, చుట్టూ సముద్రకాకులు. తనిఖీ నివేదిక అప్పటికే పూర్తిచేశాడు: "వారమంతా నగరంలో ఒక్క చుక్క చమురు వాడబడలేదు. ఒక్క ఫిర్యాదూ రాలేదు. చమురు లేకపోయినా ప్రజలు సుఖంగా జీవించగలరు."

చేతికర్రల మీద దిగుతున్న రాగ్నాని ఆపాడు.

"ఆ తుంటి ఎక్కడిది?"

"వేదిక మీదిది. ముప్పై ఎనిమిదో పేజీ చూసుకో."

"చూశాను. సక్రమమే. కాకపోతే ఒక నోటీసు ఇవ్వాలి. కాస్త ఈ ప్యాంటు పట్టుకో రాగ్నా, ముద్ర వెయ్యాలి."

"మీ అమ్మ చూస్తే నవ్వుతుందిరా," అంటూ రాగ్నా పట్టుకుంది. ఫ్రోడె రెండు చేతులా ముద్ర గుద్ది, ఆమె కళ్లజోడు ఆమెకిచ్చి, కాగితం చేతిలో పెట్టాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది: సదరు తుంటి కీలు ప్రభుత్వ ఆస్తి. చమురు తీరిన దినమున వాడుకదారు స్వయముగా ఈ కార్యాలయమునకు వచ్చి, కీలును అప్పగించి, రసీదు పుచ్చుకొని, నడిచి వెళ్లవలెను."