తోక బయట

ఆ మంగళవారం ఉదయం లియోనెల్ పార్జిటర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగాలి, తోటలోని గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవాలి, యాభై ఏళ్ల నాటి టేపు ఒకదాన్ని మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించాలి. మధ్యలో ఎవరూ తలుపు తట్టకూడదు. వీలైతే లెమ్‌స్టర్ ఊరు ఊరంతా ఆ ఇరవై రెండు నిమిషాలూ తుమ్మకుండా ఉండాలి.

ఆ టేపులో ఉన్నది గ్లాస్ హెరాన్ అనే బృందం 1975లో చేసిన 'గడియారాల తోట' రికార్డు రెండో వైపు. ఇరవై రెండు నిమిషాలూ కలిపి ఒకటే పాట, అదీ పాడేవాడు లేని పాట. ఆ రోజుల్లో మా దేశంలో మూడు నిమిషాల్లో పాట ముగిస్తే వాడికి సంగీతం రాదనుకునేవారు. ఈ పాటలో డ్రమ్ముల మోత ముందు మెల్లగా ఉబ్బి, ఆ తర్వాత దెబ్బ పడుతుంది. మనిషన్నవాడు అలా ఎలా వాయించాడన్న దాని మీద మూడు పుస్తకాలు వచ్చాయి. పద్నాలుగో నిమిషంలో ఏ భాషకూ చెందని ఒక మంత్రం వినిపిస్తుంది. అది పురాతన డ్రూయిడ్ పూజారుల భాష అని అభిమానులు ఎప్పుడో తేల్చేశారు. కొందరు దాన్ని చేతి మీద పచ్చబొట్టుగా కూడా పొడిపించుకున్నారు.

ఇప్పుడు లండన్ కంపెనీ ఒకటి ఆ రికార్డును హై-రిజల్యూషన్‌లో మళ్లీ తెస్తోంది. అంటే ఆనాడు స్టూడియోలో ఎవరి కుర్చీ కిర్రుమన్నా అదీ వినపడేంత స్పష్టంగా. ఈ ఒక్కటీ సవ్యంగా చేస్తే మిగతా ఎనిమిది రికార్డులూ లియోనెల్‌కే. రెండేళ్లుగా పని లేక పక్కింటివాళ్ల రేడియోలు బాగుచేస్తూ కూర్చున్న మనిషికి అది చిన్న విషయం కాదు. అంతకన్నా పెద్దది ఇంకొకటుంది. పదహారో ఏట ఆ రెండో వైపు మొదటిసారి విన్నప్పుడు లియోనెల్ ఏడ్చాడు. ఈ జన్మకు తన పేరు ఆ అట్ట వెనక, ఎంత చిన్న అక్షరాల్లోనైనా సరే, పడితే చాలనుకున్నాడు.

చిక్కల్లా బృందంలో మిగిలిన ఇద్దరితోనే. కీబోర్డు వాయించిన ఆబ్రీ ఫెన్‌విక్, గిటారు వాయించిన టెరెన్స్ గాథర్‌కోల్. రికార్డు వచ్చిన వారానికే ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఇద్దరి సంతకాలూ ఉంటేనే కొత్త రికార్డు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఇద్దరికీ పాట పంపిస్తామని కంపెనీ మాటిచ్చింది. పన్నెండు దాటితే టెరెన్స్ చేపలకు వెళ్లిపోతాడు, ఆబ్రీ మనసు మార్చేసుకుంటాడు.

ఆ కాలపు టేపుల జిగురు ముదిరి బంకసాగుతుంది. ఉన్నపళంగా తిప్పితే పైపూత ఊడి, పాటంతా గోధుమరంగు పొడిగా రాలిపోతుంది. అందుకని ముందుగా గంటల తరబడి సన్నని వేడిలో పెట్టాలి. ముందురోజంతా ఆ టేపు లియోనెల్ భార్య హిలరీ ఆపిల్ ముక్కలు ఎండబెట్టుకునే యంత్రంలో పడుకుంది.

"నీ టేపు లేచిందా? చర్చి సంతకి నాలుగు గంపల ఆపిళ్లు ఎండబెట్టాలి నేను," అంది హిలరీ.

"లేచింది, చల్లారింది. ఇక దాని జోలికి ఎవరూ..."

ఫోను మోగింది. ప్రభుత్వ డెంటిస్టు దగ్గరి అమ్మాయి. పదింపావుకు రావలసినాయన రానన్నాడట. వస్తారా, లేక మళ్లీ వచ్చే వేసవికా?

లియోనెల్ పద్నాలుగు నెలలుగా ఎడమవైపు నమలడం మానేసి ఆ పిలుపు కోసం చూస్తున్నాడు. మా దేశంలో రాజుగారు టీకి పిలిచినా ఇంకో రోజు వస్తామనొచ్చు గానీ, ప్రభుత్వ డెంటిస్టుకు ఆ మాట చెప్పిన మొనగాడు ఇంతవరకు లేడు.

"నువ్వు వెళ్లు, నేను తిప్పుతాను. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను, ఒక మీట నొక్కలేనా? ఏం చేయాలో రాసిపెట్టు, రాసింది రాసినట్టు చేస్తా," అంది హిలరీ.

లియోనెల్ పదకొండు అంశాలు రాశాడు. చేతులు కడుక్కోమన్నాడు, ఉంగరం తీయమన్నాడు, పిల్లిని బయట పెట్టమన్నాడు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో, ఫైలును కంపెనీకి ఎలా పంపాలో బొమ్మలు గీసి మరీ చెప్పాడు. ఒక్కటి మాత్రం రాయలేదు. స్టూడియోల్లో టేపును పాట చివరికొస బయటికి ఉండేలా చుట్టి దాచడం ఆచారం. పెట్టె మీద 'తోక బయట' అని రాసి ఉంటే, ముందు మొత్తం వెనక్కి చుట్టి ఆ తర్వాతే వాయించాలి. ఈ పెట్టె మీదా అదే రాసి ఉంది. నలభై ఏళ్లు ఈ పనిలో ఉన్నవాడికి అది వేరే రాయాలని తట్టలేదు. అన్నం తినే ముందు నోరు తెరవమని ఎవరైనా చీటీ రాస్తారా?

హిలరీ రాసింది రాసినట్టు చేసింది.

పన్నెండున్నరకు లియోనెల్ సగం మొద్దుబారిన ముఖంతో ఇల్లు చేరేసరికి ఫోను మోగుతూ ఉంది. కంపెనీ నుంచి ఇమోజెన్.

"లియోనెల్ గారూ, మీరు మంత్రగాళ్లండీ! ఇద్దరూ ఏడ్చారు! 'వాడికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది, చేసిన తప్పు దిద్దుకున్నాడు, ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు' అన్నారు ఆబ్రీ గారు. టెరెన్స్ గారికి చేస్తే ఆయనా ఆబ్రీ గారి గురించి సరిగ్గా అదే మాట! మిగతా ఎనిమిదీ మీవే అనుకోండి."

ఎవరికి ఏం బుద్ధొచ్చిందో లియోనెల్‌కు అర్థం కాలేదు. అయినా పనిచేస్తున్న సగం ముఖంతోనే చెవిదాకా నవ్వాడు. వంటింట్లోకి వెళ్లి ఆపిళ్లు తరుగుతున్న హిలరీని గట్టిగా వాటేసుకున్నాడు.

"నాకూ నచ్చింది ఆ పాట," అంది హిలరీ. "కానీ మధ్యలో ఎవరో 'ఆబ్రీ, నీ టీ చల్లారిపోతోంది' అంటారేమిటి?"

"అందులో మాటలు లేవు హిలరీ. అది డ్రూయిడ్ మంత్రం. ఎవరికీ అర్థం కాదు."

"నాకు అర్థమైందిగా."

లియోనెల్ తోటలోకి పరిగెత్తాడు. ఫైలు పెట్టి విన్నాడు. డ్రమ్ము మీద దెబ్బ ముందు పడింది, మోత తర్వాత తగ్గింది, పెళ్లిళ్లలో వాయించే మామూలు డ్రమ్ముల్లాగే. గిటారుతో మొదలవ్వాల్సిన పాట కీబోర్డుతో మొదలైంది. పద్నాలుగో నిమిషానికి బదులు ఎనిమిదో నిమిషంలో ఒక కుర్ర గొంతు టీ గురించి హెచ్చరించింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"రీలు ముందు వెనక్కి చుట్టావా?" అని తోటలోంచే కేకేశాడు.

"అది ఎన్నో నంబరులో ఉంది?" అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

చీటీ తీసి ఒకటి నుంచి పదకొండు దాకా చదువుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై రెండు నిమిషాలూ వెనక నుంచి ముందుకు పంపేశాడు! అదేం చిత్రమో, ఇద్దరికీ అదే నచ్చింది. నోరు మూసుకుంటే ఎనిమిది రికార్డులు తనవి. కానీ తను ప్రాణంగా చూసుకున్న పాట, తన పేరుతో, తలకిందులుగా లోకంలోకి పోతుంది. నాలుగు నిమిషాలు నిజంగా నరకం చూశాడు.

"పొరపాటు చేశావు, సరే," అంది హిలరీ గుమ్మంలో నిలబడి. "దాని మీద అబద్ధం కూడా ఎందుకు?"

కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే పాట తిరగబడుతుంది. తిప్పి, ఇమోజెన్‌కూ ఆ ఇద్దరికీ ఉత్తరంతో పాటు పంపాడు. జరిగింది చెప్పడానికి సిగ్గేసి, మర్యాదగా ఇంత మాత్రం రాశాడు: 'ఉదయం పంపిన దానిలో మా వల్ల చిన్న పొరపాటు దొర్లింది. మన్నించగలరు. సరైనది ఇదీ.' పొరపాటేమిటో అందులో ఎక్కడా లేదు. ఇక్కడ పెరిగినవాళ్లెవరికీ ఆ ఉత్తరంలో లోపం కనబడదు.

అరగంటలో ఇమోజెన్ ఫోను. ఈసారి గొంతు వేరేగా ఉంది.

"ఏం పంపారండీ? టెరెన్స్ గారు ఫోన్లో వాడిన మాటలు కొన్ని నేను మొదటిసారి విన్నాను. రెండు గంటలు కూడా కాకముందే ఆబ్రీ గారు మాట మార్చారట. ఆబ్రీ గారేమో టెరెన్స్ గారు మాట మార్చారంటున్నారు. సంతకాలు లేవు, ఏమీ లేదు. ఇద్దరూ బయల్దేరారు."

"ఎక్కడికి?"

"ఉత్తరం మీద మీ అడ్రసుందిగా."

పార్జిటర్ల ఇంటి సందు ఒక్క కారు పట్టేంత వెడల్పు. నాలుగింటికి ఒక కొస నుంచి ఆబ్రీ, ఇంకో కొస నుంచి టెరెన్స్ వచ్చి ముక్కూముక్కూ ఆనించి ఆగారు. మామూలుగా అయితే మా సందుల్లో ఇద్దరూ కారు దీపాలు వెలిగించి ఆర్పుతూ మీరు ముందంటే మీరు ముందని పోటీపడతారు. ఆ రోజు ఇద్దరూ ఇంజన్లు ఆపేసి దిగారు. వెనక ఇరుక్కున్న పోస్టాయన సంచి భుజాన వేసుకుని నడిచిపోయాడు.

ఆబ్రీ పొడుగ్గా, చేతికర్రతో ఉన్నాడు. టెరెన్స్ పొట్టిగా, ఏట్లోంచి నేరుగా లేచొచ్చినట్టు తొడలదాకా రబ్బరు బూట్లతో ఉన్నాడు. ఇద్దరూ వంటింటి బల్లకు చెరోవైపు కూర్చుని హిలరీతో మాట్లాడారు.

"అమ్మా, ఆ పెద్దమనిషికి చెప్పండి. డెబ్బై అయిదో ఏట కూడా ఆ కుళ్లు పోలేదని," అన్నాడు ఆబ్రీ.

"అమ్మా, ఆ కర్ర పట్టుకున్నాయనకు చెప్పండి. కుళ్లు ఎవరిదో పాట వింటే తెలుస్తుందని. పాటను తిప్పేసి తన కీబోర్డు చివర్లో పెట్టుకున్నాడు, వినేవాడికి ఆఖరున అదే చెవిలో మిగలాలని!"

"నేనా? తిప్పింది నువ్వురా! నా కీబోర్డుతో మొదలవ్వాల్సిన పాటని నీ గిటారుతో మొదలెట్టావు! ఈ ఉదయం సరిగ్గా పంపించి నన్ను ఏడిపించి, మధ్యాహ్నానికి మళ్లీ తిప్పేశావు. మనిషివేనా?"

లియోనెల్ బుగ్గ పట్టుకుని లేచాడు. "అయ్యా, ఒక్క నిమిషం. తిరగబడింది ఏది? ఉదయం పంపిందా, మధ్యాహ్నం పంపిందా?"

"మధ్యాహ్నం పంపింది!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. యాభై ఏళ్లలో వాళ్లు ఏకీభవించిన మొదటి విషయం అదే.

"అదే కదండీ రికార్డులో వచ్చింది..."

"రికార్డులో వచ్చిందే తిరగబడిందయ్యా! వీడు తిప్పింది!" అని ఒకరినొకరు చూపించుకున్నారు.

హిలరీ కత్తి కింద పెట్టింది. "నేను టేపు వెనక్కి చుట్టలేదు, ఉన్నదున్నట్టు వాయించాను. మీరేమో అదే సరైనదంటున్నారు. మరి పెట్టె మీద తోక బయట ఉందని రాసుంది. తోక బయట ఉంటే నాకు పాట వెనక నుంచి రావాలి. రాలేదు. అంటే మీరెవరూ తిప్పలేదు, పెట్టె మీద రాసిందే తప్పు. రికార్డు అచ్చు కొట్టినవాడు ఆ రాత నమ్మి, మంచి టేపును వెనక్కి చుట్టి, పాపం, తలకిందులుగా వాయించాడు. ఇంతకీ అది రాసిందెవరు?"

లియోనెల్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆబ్రీ కళ్లద్దాలు సవరించుకుని అక్షరాలు చూశాడు. తర్వాత టెరెన్స్‌ను చూశాడు.

"ఇది నీ రాత."

"నాదే," అన్నాడు టెరెన్స్. "నువ్వేగా పక్కన నిలబడి, 'తోక బయట అని రాయి' అన్నావు?"

"అన్నాను. మొదటి వైపు టేపు గురించిరా! రెండోదాన్ని ఇంకా తోక బయటికొచ్చేలా చుట్టనే లేదు. నీ చేతిలో ఏ పెట్టె ఉందో చూసుకోవద్దూ?"

"చూసి చెప్పొద్దూ నువ్వు?"

హిలరీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"యాభై ఏళ్లు! నువ్వు తిప్పావా అని ఒక్క మాట ఎదురుగా అడగొచ్చుగా?" అంది హిలరీ.

"అడిగితే బాగుండదు కదమ్మా," అన్నాడు ఆబ్రీ. టెరెన్స్ కూడా తలూపాడు.

"మరి రికార్డు తప్పని ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"పత్రికలవాళ్లు మహాద్భుతం అని రాసేశారు. మేం కాలాన్ని ప్రశ్నించామట," అన్నాడు టెరెన్స్ నేల చూపులు చూస్తూ. "ఆ తర్వాత ఏం చెప్తాం?"

నలుగురూ తోటగదిలో కూర్చుని ఉదయం ఫైలు మొదటినుంచీ విన్నారు. లియోనెల్‌కు అప్పుడు తట్టింది: పదహారో ఏట తనను ఏడిపించినది ఒక పెట్టె మీద తప్పురాత. కానీ పాట మూడో నిమిషం దాటేసరికి అతను ఆ సంగతి మరిచిపోయాడు. కీబోర్డు ఒక్కొక్క తలుపే తెరుస్తున్నట్టు సాగి గిటారు చేతికి పాటను అప్పగించింది, అంత చక్కటి అప్పగింత అతను ఎక్కడా వినలేదు. మళ్లీ ఏడ్చాడు, ఈసారి సరైన వైపు నుంచి.

ఎనిమిదో నిమిషంలో పాతికేళ్ల టెరెన్స్ గొంతు వినిపించింది: 'ఆబ్రీ, నీ టీ చల్లారిపోతోంది!'

ఆబ్రీ టెరెన్స్ వైపు తిరిగాడు. "తాగానా రా నేను?"

"ఎక్కడ? వాయిస్తూ కూర్చున్నావు. నేనే తాగేశాను."

సంతకాలు ఆ బల్ల మీదే అయ్యాయి. చీకటిపడేలోగా ఇద్దరూ కలిసి సందులోకి వెళ్లి, ఎవరి కారు వెనక్కి తీయాలన్న దాని మీద పది నిమిషాలు మర్యాదగా వాదించుకున్నారు.

వసంతంలో కొత్త 'గడియారాల తోట' వచ్చింది. అట్ట వెనక లియోనెల్ పార్జిటర్ పేరు అతను కోరుకున్నదానికన్నా కాస్త పెద్ద అక్షరాల్లోనే ఉంది. అట్ట లోపల, జరిగినదంతా పొల్లుపోకుండా ఆబ్రీ, టెరెన్స్ కలిసి నాలుగు పేజీలు రాసి సంతకాలు చేశారు. లోకం నలుమూలల నుంచీ అభిమానులు ఆ నాలుగు పేజీలూ శ్రద్ధగా చదివారు. చదివి, టేపు తిరగేసి ఎక్కించిన ఆ పార్జిటర్‌ను కాపాడటానికి పెద్దవాళ్లిద్దరూ ఎంత చక్కటి అబద్ధం ఆడారోనని కళ్లు తుడుచుకున్నారు.