విరిగిన మెట్టుపై ఉన్నతస్థాయి పరిశోధన

మా హేవూన్ విశ్వవిద్యాలయంలో ఒక మెట్టు విరిగిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. బూసాన్ కొండల మీద విశ్వవిద్యాలయాలకు కొదవలేదు, మెట్లకు అసలే లేదు. కాని విరిగిన మెట్టుకు దక్కవలసిన గౌరవం దక్కింది మాత్రం మా దగ్గరే. కింద బస్సు ఆగేచోటు నుంచి పైన గ్రంథాలయం దాకా సాగే పెద్ద మెట్లదారిలో, పై మలుపు దగ్గర, వానల్లో ఒక రాతిపలక పక్కకు కుంగింది. కాలు పెడితే అది ఊగుతుంది. చూసుకోకుండా పెడితే మనమే ఊగుతాం.

ఇంకోచోటైతే ఎవడో మేస్త్రీ వచ్చి గంపెడు సిమెంటు వేసి చేతులు దులుపుకుని పోయేవాడు. చదువూ సంధ్యా లేని చోట్ల అలాగే జరుగుతుంది. మాది చదువుకున్న చోటు కాబట్టి, అసలు సమస్య ఉందా లేదా అని తేల్చడానికి ముందుగా ఒక కమిటీ వేశారు. ఉందని తేలింది. ఉంటే బాగుచేయించండి అని ఎవరో తొందరపాటు మనిషి అన్నాడట. "అర్థం చేసుకోకుండా బాగుచేస్తే ఇక అది ఎప్పటికీ అర్థం కాదు" అని వైద్యశాస్త్ర ఆచార్యులు ప్యో గ్యోంగ్‌దాల్ గారు అతన్ని మందలించారు. ఆ వాక్యం ఇప్పుడు మా ఆఫీసు గోడమీద అద్దం బిగించుకుని వేలాడుతోంది.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఏ శాఖకు ఆ శాఖ చేసుకునే పరిశోధనకు నిధులు లేవు, శాఖలన్నీ కలిసి చేస్తేనే ఇస్తాం అని. మా వైద్యం వాళ్లకూ ఇంజనీరింగ్ వాళ్లకూ కార్లు పెట్టుకునే జాగా దగ్గర గొడవై ఏళ్లుగా మాటల్లేవు. సాహిత్యం వాళ్లు అర్థశాస్త్రం వాళ్లున్న బల్ల దగ్గర అన్నం కూడా తినరు. అలాంటి నాలుగు శాఖలనూ ఆ రాయి ఒక్కచోటికి చేర్చింది. ఆ విధంగా 'మెట్టు, మనిషి, పతనం: సమగ్ర పరిశోధనా సంస్థ' ఆవిర్భవించింది. అందులో నేను పరిశోధనా సహాయకుణ్ణి. పేరు కిల్ సంగ్‌వుక్. నాది ఏటేటా పొడిగించే ఉద్యోగం. మెట్టు ఊగుతున్నంత కాలం నా ఉద్యోగం ఊగదు.

మెట్లదారి పైన, గ్రంథాలయం గోడవారన ఓక్‌బున్ పిన్ని నాచు రేకులో అన్నం చుట్టిన కింబాప్ అమ్ముతుంది. ఆవిడ నాకు చుట్టం కాదు. మా దగ్గర అన్నం పెట్టే ఆడమనిషి ఎవరైనా అందరికీ పిన్నే. పొద్దున్నే నెత్తిన గంప, చేతిలో చేపముక్కల పులుసు గిన్నె పెట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కుతుంది. ఆ పలక దగ్గర గిన్నె దించి, గోడ పట్టుకుని, దాన్ని నాలుగు తిట్లు తిట్టి, దాటి, మళ్లీ గిన్నె ఎత్తుకుంటుంది. ఆ తిట్లను మా సాహిత్య విభాగం సేకరించి మౌఖిక సంప్రదాయం కింద అచ్చువేసింది.

"ఏరా సంగ్‌వుకూ, ఆ రాయి ఎప్పుడు సర్దుతార్రా?" అని అడిగింది ఒకరోజు, నాకు కింబాప్ కోసి పెడుతూ.

"పరిశోధన జరుగుతోంది పిన్నీ."

"అది ఊగుతోందని నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకేం తెలుసుకుంటార్రా?"

"ఎంత ఊగుతోందో తెలియాలిగా."

"తెలిశాక?"

"ఎందుకు ఊగుతోందో చూస్తాం."

"అదీ తెలిశాక?"

"అప్పటికి ఇంకో గ్రాంటు వస్తుంది."

"నీ మొహం! ఈలోగా నా చెయ్యి కాస్తా విరిగితే కింబాప్ ఎవడు చుడతాడ్రా, నీ గ్రాంటా? ఈ రెండు చేతుల మీదే కదరా నా కొంప నడిచేది!"

సామాన్యులకు ఓపిక తక్కువ. విజ్ఞానం అనేది ఒక్కో అడుగూ వేసుకుంటూ పోతుందని, ఆ మెట్టు మీద మాత్రం వెయ్యదని వాళ్లకు తెలియదు.

ఇంజనీరింగ్ ఆచార్యులు మా సాంగ్యు గారు పలక కింద ఊపును కొలిచే యంత్రాలు అమర్చారు. యంత్రాలు తడవకుండా పైన రేకుల పందిరి వేయించారు. వానకు జనం ఆ పందిరి కింద నిలబడడం మొదలుపెట్టారు కాబట్టి పడేవాళ్ల సంఖ్య ఆశాజనకంగా పెరిగింది. మధ్యలో చిన్న ప్రమాదం జరగబోయింది. యంత్రాల కోసం తవ్వి పూడ్చేసరికి మెట్టు దానంతటదే గట్టిపడింది! మా ఆచార్యుల వారు కంగారుపడి, గునపం తెప్పించి, దగ్గరుండి దాన్ని పూర్వపు సహజస్థితికి తెప్పించారు.

ప్యో గారు వైద్యపరంగా పరిశీలించి, పడినవారిలో ఎక్కువమందికి నొప్పి ఉంటుందని, పడనివారిలో అంతగా కనిపించదని నిరూపించారు. ఒక విదేశీ పత్రిక దాన్ని అచ్చువేయడమే కాక, పడబోయి ఆగినవారి మీద కూడా పరిశోధించమని కోరింది.

అర్థశాస్త్ర ఆచార్యులు తాక్ హోంగ్జు గారిది దూరదృష్టి. జనం పడడం లేదంటే వాళ్లకు పడడం వల్ల ప్రయోజనం కనబడడం లేదన్నమాట అని గ్రహించి, పడినవారికి పతనభత్యం ప్రకటించారు. మర్నాటి నుంచి మెట్లదారి కిటకిటలాడింది. మిగతా శాఖల వాళ్లు కూడా వచ్చి, వంగి దండం పెట్టి, పడి, లేచి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగేవారు. డబ్బిస్తే మనుషులు పడతారు అనే సిద్ధాంతాన్ని తాక్ గారు రాజధానిలో ఆవిష్కరించగా పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లకది స్వానుభవం.

ఇంతలో నైతిక విలువల సంఘం అడ్డుపడింది. మెట్టు విరిగిందని ముందుగా హెచ్చరించకుండా మనుషుల్ని పడనివ్వడం తప్పట. హెచ్చరిస్తే ఎవరు పడతారు? నలుగురు ఆచార్యులూ తల పట్టుకున్నారు. ఆదుకున్నది సాహిత్యమే. ఆచార్యురాలు ఓమ్ యున్రే గారు ప్రాచీన చీనా పద్యంలో గంభీరమైన హెచ్చరిక రచించి, పలక పక్కనే శిలాఫలకం మీద చెక్కించారు. అర్థం చేసుకుందామని ఆగినవాళ్లు సరిగ్గా ఆ మెట్టు మీదే ఆగారు. సాహిత్యం మనిషిని కదిలించదన్న నింద ఆ రోజుతో పోయింది.

అయితే భత్యం నిధులు అయిపోయాక జనం మళ్లీ ఒక మెట్టు వదిలి నడవడం నేర్చుకున్నారు. నిధుల లెక్క చూడడానికి రాజధాని నుంచి తనిఖీ బృందం వచ్చే రోజు దగ్గరపడింది. ఒక్కరూ పడడం లేదు. చేసేదిలేక పరిశోధక విద్యార్థుల్ని వంతులవారీగా పడమన్నారు. మా దగ్గర పెద్దంతరం చిన్నంతరం ఉంది. పెద్దవాడి కంటే ముందు చిన్నవాడు తింటే మర్యాద కాదు, చిన్నవాడి కంటే ముందు పెద్దవాడు పడితే అసలే మర్యాద కాదు. కిందటి నెలలో చేరిన కుర్రాళ్లు ముందుగా పడ్డారు. "అన్నా, ఎడమవైపా కుడివైపా?" అని వినయంగా అడిగి మరీ పడ్డారు.

ఒక వానపొద్దున ఎవరూ చెప్పకుండా, భత్యం అడక్కుండా, వంతు రాకుండా పడిన మనిషి ఓక్‌బున్ పిన్ని.

నేను పందిరి దగ్గరే ఉన్నాను. కాలు జారడం, గంప ఎగిరిపోవడం, కింబాప్ చుట్టలు బస్సు దాకా దొర్లిపోవడం అన్నీ కళ్లారా చూశాను. ఎంత పరిశోధకుణ్ణయినా ఆవిడ చేతి అన్నం తిన్నవాణ్ణి. పరుగెత్తి లేవదీయబోయాను.

"ముట్టుకోకు! అలాగే ఉంచు!" అని ప్యో గారు గొడుగు లేకుండానే పరిగెత్తుకొచ్చారు. వెనకే మిగతా ముగ్గురూ.

"ముందు ఏ కాలు పెట్టారమ్మా?" అన్నారు మా సాంగ్యు గారు టేపు తీస్తూ.

"గంపలో సరుకు విలువ సుమారుగా ఎంత?" అన్నారు తాక్ గారు.

ఓమ్ గారు మాత్రం తడిమెట్టు మీద మోకరిల్లి, మెల్లగా, "పడుతున్న ఆ క్షణంలో మీకేమనిపించింది?" అని అడిగారు.

"పడుతున్నప్పుడు ఏమనిపిస్తుందమ్మా తల్లీ? పడుతున్నాననే అనిపించింది! అబ్బా, నా చెయ్యి... ఒరే సంగ్‌వుకూ, వీళ్లని అవతలికి తోలరా!"

కుడి మణికట్టు విరిగింది. నాచు రేకు మీద అన్నం పరిచి, చుట్టి, రెండు చేతులా నొక్కితేగాని కింబాప్ నిలవదు. కట్టు విప్పినా ఆ చేతిలో ఇక మునుపటి పట్టు ఉండదని ఆసుపత్రిలో చెప్పేశారు. గోడవారన కొట్టు మూతపడింది.

పరిశోధన మాత్రం ఆగలేదు. అయితే లెక్కలు సరిచూసేటప్పుడు చిక్కొచ్చిపడింది. మా పరిశోధన పరిధిలోకి వచ్చేది విశ్వవిద్యాలయంలో చదివేవారూ పనిచేసేవారూ మాత్రమే. పిన్ని రెండూ కాదు. కాబట్టి శాస్త్రీయంగా ఆవిడ పడలేదు. తాక్ గారు మనసున్నవారు కనుక ఆ పడనిపాటు వల్ల కలిగిన నష్టాన్ని విడిగా లెక్కగట్టారు. వైద్యుడికి, కట్టుకు, మందుల దుకాణానికి, టాక్సీకి వచ్చిన ఆదాయం కలిపి చూస్తే దేశానికి లాభమే అని తేలింది.

"మరి ఆ లాభంలో నా వాటా ఏదయ్యా?" అంది పిన్ని.

"లాభపడిన దేశంలోనే కదమ్మా మీరున్నది!" అన్నారాయన.

తనిఖీ బృందం వచ్చినప్పుడు ఆవిడను చేతికట్టుతో వేదిక మీద కూర్చోబెట్టారు. ప్రజల పక్షాన రెండు మాటలు చెప్పమన్నారు. "ఆ మెట్టు బాగుచెయ్యండి బాబూ. నాలాగా ఇంకెవరూ పడకూడదు" అంది. హాలంతా చప్పట్లతో మోగింది. లబ్ధిదారులు పరిశోధనను మరింత ముందుకు తీసుకుపోవలసిందిగా కోరారు అని నివేదికలో రాసింది నేనే. వాక్యం బాగా కుదిరిందని ప్యో గారు నన్ను మెచ్చుకున్నారు. రెండో దశకు నిధులు మంజూరయ్యాయి.

ఆవిడకు నష్టపరిహారం ఇద్దామంటే ఏ పద్దు కిందా కుదరలేదు. కాని రెండో దశలో క్షేత్ర పరిశీలకురాలు అనే ఉద్యోగం ఉంది. పిన్ని కూతురు యోంజు మా ఓమ్ గారి దగ్గరే సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, ఏ ఉద్యోగమూ దొరక్క ఇంట్లో ఉంటోంది. ఆ పిల్లకు గొడుగూ కుర్చీ ఇచ్చి మెట్టు ఎదురుగా కూర్చోబెట్టారు. ఎవరైనా పడితే చూడడం ఆమె పని. చదివిన చదువుకు తగిన ఉద్యోగం దొరికిందని వాడంతా సంతోషించి, వీధికి అడ్డంగా అభినందనల బ్యానరు కట్టారు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో మళ్లీ పొయ్యి వెలిగింది.

అంతా సవ్యంగా సాగుతుండగా పిడుగు పడింది. అంటే కులపతి గారు పడ్డారు. స్థాపక దినోత్సవం నాడు పూలమాలతో మెట్లెక్కుతూ, శిలాఫలకం మీది పద్యం చదువుదామని ఆగి, అందరి ఎదుటా కింది మలుపు దాకా జారారు. యోంజు చూసింది, పద్ధతిగా నమోదు చేసింది. కులపతి గారికి పరిశోధన మీద ఎంత గౌరవమున్నా నడుము మీద అంతకంటే ఎక్కువ గౌరవం ఉంది. సాయంత్రంలోగా సిమెంటు వెయ్యాలి అని అక్కడే, పడుకునే ఆజ్ఞాపించారు.

నలుగురు ఆచార్యులూ మా ఆఫీసులో అత్యవసరంగా సమావేశమయ్యారు. విజ్ఞానం మీద దాడిని ఖండిస్తూ ఉమ్మడి ప్రకటన చేద్దామన్నారు. ప్రకటన ఇట్టే తయారైంది. కింద పేర్లు వేసే దగ్గర ఆగింది. మొదటి పేరు నాదంటే నాదన్నారు. విరిగినవి ఎముకలు అన్నారు ప్యో గారు. ఊగింది రాయి అన్నారు మా సాంగ్యు గారు. పోయేవి నిధులు అన్నారు తాక్ గారు. ప్రకటన రాసింది నేను అన్నారు ఓమ్ గారు. వాళ్లను అక్కడే వదిలి నేను మెట్లదారికి పరిగెత్తాను. మేస్త్రీలు అప్పటికే సిమెంటు కలిపేశారు.

పలక మీద ఓక్‌బున్ పిన్ని కూర్చుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో, రెండో చెయ్యి గోడమీద.

"లేమ్మా, సిమెంటు గట్టిపడిపోతోంది" అంటున్నాడు పెద్ద మేస్త్రీ.

"పడనీ."

"ఏంటమ్మా ఇది! నీ చెయ్యి విరగ్గొట్టింది ఇదే కదా?"

"అవునయ్యా, ఇదే. విరగ్గొట్టిన చేతికి ఇవాళ ముద్ద పెడుతున్నదీ ఇదే. నువ్వు దీన్ని పూడ్చిపోతే రేపు నా కూతురు ఏం చూస్తూ కూర్చోవాలి? నువ్విస్తావా దానికి జీతం? ముందు నా మీద పొయ్యి ఆ సిమెంటు. తర్వాత రాయి సంగతి చూద్దువు గాని."

నాకు కళ్లు చెమర్చాయి. సిగ్గుతోనో గర్వంతోనో తేల్చుకునేంత తీరిక అప్పుడు లేదు. నేనూ వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. నా ఉద్యోగమూ ఆ రాతి కిందే ఉంది మరి.

మేస్త్రీలు తట్టలెత్తుకుని వెళ్లిపోయారు. ఇంత ప్రజామద్దతు ఉన్న పరిశోధనను ఆపడం ప్రజాస్వామ్యం కాదని కులపతి గారు మర్నాడు ప్రకటించి, తాను కారు దారిన రావడం మొదలుపెట్టారు. మూడో దశ ఖాయమైంది. పత్రికల్లో పిన్ని ఫొటో వేశారు. పక్క వాడవాళ్లు తమ వీధికి కూడా ఒక మెట్టు విరగ్గొట్టించమని అర్జీ పెట్టుకున్నారు.

ఇప్పుడు పిన్ని రోజూ సాయంత్రం కూతురికి అన్నం తీసుకుని వస్తుంది. నేను ఎదురుపడితే గొంతు తగ్గించి, "ఏరా, ఈ వారం ఎవరైనా పడ్డార్రా?" అని అడుగుతుంది. లేదు పిన్నీ అంటే ఆ ముఖం చూడలేం. జనం బొత్తిగా జాగ్రత్తపరులైపోయారు. మీరు చదువుకున్నవారు, నలుగురి కష్టం తెలిసినవారు. ఎప్పుడైనా బూసాన్ వైపు వస్తే దయచేసి మా మెట్లదారినే రండి.