ఆరో వార్డు నలుగురు

కొత్తకాలవపేటలో ‘నలుగురూ ఏమనుకుంటారో’ తేల్చి చెప్పడానికి పురపాలక సంఘం వార్డుకు నలుగురు చొప్పున ఉద్యోగులను పెట్టింది. వాళ్లలో ఆరో వార్డు నాలుగో ఉద్యోగి మార్చి నెలాఖరున రిటైరయ్యాడు. అప్పటినుంచి ఆ వార్డులో ఎవరి గురించీ ఎవరూ ఏమీ అనుకోవడం లేదు.

వాళ్ల ఆఫీసు కూరగాయల మార్కెట్టు వెనక ఒక పాత గదిలో ఉంటుంది. నాలుగు కుర్చీలు, ఒక పొడుగు బల్ల. మొదటి కుర్చీవారి పని ఆశ్చర్యపోవడం. రెండో కుర్చీవారు ‘పాపం’ అనాలి. మూడో కుర్చీవారు ‘మా రోజుల్లో’ అని మొదలుపెట్టాలి. నాలుగోది ‘హవ్వ’ అనేవారి కుర్చీ. ఖాళీ పడింది అదే. మిగిలిన ముగ్గురూ రోజూ పదింటికల్లా వచ్చి హాజరు పట్టీలో సంతకాలు పెడుతున్నారు గానీ, చేయడానికి పనిలేదు. నిబంధనల ప్రకారం ఒకరు అనుకుంటే అది అభిప్రాయం, ఇద్దరు అనుకుంటే కబురు, ముగ్గురు అనుకుంటే చాడీ. నలుగురూ అనుకుంటేనే అది లోకం. ముద్ర వేసేది లోకం మీదే.

ముద్ర లేక జనం ఇబ్బంది పడ్డారు. తొంభై రెండేళ్ల ముసలమ్మ పోతే, ఏడవాలో బాజాలు పెట్టాలో తెలియక ఆ ఇంటివాళ్లు ఏడో వార్డు నలుగురినీ చావులకు మాత్రమే దొరికే ఒక పూట డిప్యుటేషన్ మీద తెచ్చుకున్నారు. ఇంకొకరింట్లో సీమంతానికి ఎన్ని రకాల స్వీట్లు పెడితే బావుంటుందో తేలేలోపే బిడ్డ పుట్టేసింది. లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయిన ఒకాయన నిక్కరు వేసుకుని పొద్దున్నే నడకకు బయల్దేరాడు. ఎవరూ ఏమీ అనుకోకపోయేసరికి ఆయనకే ఏదోలా అనిపించి, మూడో రోజున మళ్లీ పంచెలోకి వచ్చేశాడు.

ఆ రోజుల్లోనే రత్నమాణిక్యం దరఖాస్తు పెట్టుకుంది.

ఆమెకు యాభై మూడేళ్లు. చిన్న గదిలో కుట్టుమిషను పెట్టుకుని వార్డులో సగం మంది ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. భర్త పోయి పదకొండేళ్లయింది. ఒక్కతే కూతురు, విశాఖపట్నంలో నర్సు. పక్క వీధిలో భీమశంకరం అని బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి ఉన్నాడు. భార్య పోయాక చొక్కా చేతులు పొట్టి చేయించుకోవాలని ఒకసారి మాణిక్యం దగ్గరికి వచ్చాడు. తర్వాత గుండీలు కుట్టించుకోవడానికి వచ్చాడు. గుండీలు తెగని వారాల్లో కూడా వచ్చాడు. ఒకరోజు చేతి కొలత ఇస్తూ నెమ్మదిగా అన్నాడు.

“పప్పు వండుకుంటే మూడు రోజులు అదే తింటున్నానండి. మీదీ అదే వరస అనుకుంటాను. రెండిళ్లలో రెండు పొయ్యిలెందుకు? ఒకటి చాలదంటారా?”

మాణిక్యం అదే చేతిని ఇంకోసారి కొలిచింది. కొలత మారలేదు. సాయంత్రం కూతురికి ఫోన్ చేస్తే, ఆ పిల్ల చాలాసేపు సంతోషపడి, తనకేమీ అభ్యంతరం లేదని చెప్పి, చివర్లో మాత్రం “కానీ అమ్మా, నలుగురూ...” అని ఆగింది.

ఇద్దరూ కలిసి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి కనుక్కున్నారు. పెళ్లికి నలుగురి కాగితం తప్పనిసరి అని చట్టంలో ఎక్కడా లేదని అక్కడి గుమాస్తా చెప్పాడు. అయితే తన ఇరవై ఆరేళ్ల సర్వీసులో అది లేకుండా వచ్చిన జంటను చూడలేదని కూడా చెప్పాడు. అందుకని దరఖాస్తు పెట్టారు. నలుగురు లేరు కనుక దరఖాస్తు బల్లమీద పడి ఉంది.

నెలన్నర తర్వాత మాణిక్యాన్ని సూపరింటెండెంటు పురుషోత్తం పిలిపించాడు. ఖాళీని తాత్కాలికంగా నింపడానికి ఉత్తర్వులు వచ్చాయి. వార్డులో పదేళ్లకు తక్కువ కాకుండా నలుగురికీ భయపడి బతికినవాళ్లు అర్హులు. పురుషోత్తం పాత రిజిస్టర్లు తీయించి చూశాడు. భర్త పోయిన రోజునుంచి మాణిక్యం తలలో పువ్వు పెట్టలేదు. ఏ పెళ్లిలోనూ ముందు వరసలో కూర్చోలేదు. వీధిలో పైకి వినబడేలా నవ్వింది ఒక్కసారి, అదీ కరెంటు పోయిన రోజున, ఎవరు నవ్వారో తేలలేదు.

“మీ అంత శుభ్రమైన రికార్డు వార్డులో లేదమ్మా,” అన్నాడాయన. “మీరు చేరితే నలుగురవుతారు. మీ కాగితం కూడా కదులుతుంది.”

సొంత దరఖాస్తు మీద తనే అనుకోవచ్చా అని మాణిక్యం అడిగింది. ఆయన నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసి, వద్దని ఎక్కడా లేదని చెప్పాడు. ఆ సంగతి విని భీమశంకరం ఎంతో తేలికపడ్డాడు. మన మనిషే లోపల ఉంటే ఇంకేం కావాలి అని వీధి చివరిదాకా ఈల వేసుకుంటూ వెళ్లాడు.

శిక్షణ పదిహేను రోజులు. అరచెయ్యి నోటికి రెండంగుళాల దూరంలో ఆగాలి. కళ్లు పెద్దవి కావాలి, కానీ చూపు అవతలి మనిషి మీద పడకూడదు. ‘హవ్వ’ అన్న మాట మూడో ఇంటికి వినపడాలి, ఎవరిని అంటున్నామో ఆ మనిషికి మాత్రం వినపడకూడదు. మొదటి నాలుగు రోజులూ మాణిక్యానికి నవ్వు ఆగలేదు. ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తూ తన మొహం చూసి తనే నవ్వుకునేది. రెండో వారంలో నవ్వు తగ్గింది. పన్నెండో రోజున, ఎదురింటాయన తన భార్య చీరలను డాబా మీద ఆరేస్తుండగా చూసి, ఆమె చెయ్యి దానంతటదే లేచింది.

ఉద్యోగంలో చేరాక పేరుకుపోయిన ఫైళ్లన్నీ వరసగా వచ్చాయి. ఇరవై మందితో, రెండు దండలతో పెళ్లి చేసుకుంటామని ఒక జంట రాసుకుంది. తండ్రికి తనే తలకొరివి పెట్టాలని ఒక కూతురు ముందుగానే అడిగింది. అరవై ఏళ్ల ఇల్లాలు ఈత నేర్చుకుంటానంది. ఒక్కో ఫైలు మూడు కుర్చీలు దాటి మాణిక్యం దగ్గరికి వచ్చేది. ప్రతిసారీ ‘పోనీలే, నాకేం’ అని రాద్దామనే కలం తీసేది. కానీ నాలుగో కుర్చీలో కూర్చున్న మనిషి ‘నాకేం’ అంటే ఆ కుర్చీ ఎందుకున్నట్టు? అందుకని ‘హవ్వ’ అని రాసేది. ఆమె దస్తూరి గుండ్రంగా, పూసల పేరులా ఉంటుంది. పనితీరు బావుందని పురుషోత్తం రెండుసార్లు మెచ్చుకున్నాడు.

ఆమె సొంత దరఖాస్తు జూలైలో ఒక మంగళవారం వచ్చింది.

మొదటి కుర్చీలో సూరిశెట్టి. ఆయన ఇలా రాశాడు: “ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ కనబడలేదు. మనిషి మంచిది.” రెండో కుర్చీలో లక్ష్మీకాంతం: “పాపం, పదకొండేళ్లు ఒక్కతే ఉంది. సుఖపడనివ్వండి.” మూడో కుర్చీలో వీరాస్వామి అనే పెద్దాయన. ఆయన ఒక్క వాక్యమే రాశాడు: “మా రోజుల్లో మాకు ఈపాటి ధైర్యం లేకపోయింది.” ముగ్గురూ ఫైలు ఇటు జరిపి, చిన్నగా నవ్వి, టీ తాగడానికి బయటికి వెళ్లారు. తాము ఎదురుగా కూర్చుంటే ఆమెకు ఇబ్బందిగా ఉంటుందని అలా వెళ్లారు.

మాణిక్యం ఫైలు తెరిచింది. వరసలో మిగతా ఫైళ్లు ఎలా చదివేదో ఇదీ అలాగే చదివింది. దరఖాస్తుదారు స్త్రీ. వయసు యాభై మూడు. వితంతువు. పెళ్లైన కూతురు ఉంది. వరుడికి అరవై రెండు, చక్కెర జబ్బు. కాగితం మీద మనిషి కనబడలేదు. పప్పు గురించి, చేతి కొలత గురించి దరఖాస్తులో గడి లేదు. ఆమెకు ఆ స్త్రీ మీద కోపమేమీ రాలేదు. కొంచెం సిగ్గు మాత్రం వేసింది, ఎవరి తరఫునో తెలియని సిగ్గు. చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది, రెండంగుళాల దూరంలో ఆగింది. తర్వాత అదే చేత్తో గుండ్రంగా రాసింది: “హవ్వ. ఈ వయసులోనా?”

నలుగురిలో ఒక్కరు కాదన్నా లోకం కాదన్నట్టే. ‘కాదు’ అని ముద్ర పడింది.

సాయంత్రం భీమశంకరం మాణిక్యం కుట్టుగదికి వచ్చాడు. కాగితం రాలేదని ఆమె చెప్పింది. ఎవరు కాదన్నారని అడిగాడు. నలుగురూ అంది. ఆయన కత్తెర పక్కకు జరిపి బల్ల మీద కూర్చున్నాడు.

“అందులో మీరున్నారు కదండీ. మీరేమనుకున్నారు?”

“నేననుకునేదేముందండి,” అంది మాణిక్యం, నిజంగానే. “నలుగురూ అనుకున్నారు.”

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి ఆలోచించాడు. తప్పు ఎక్కడా దొరకలేదు. “అదీ నిజమేలెండి,” అన్నాడు. “నలుగుర్నీ కాదని ఎక్కడ బతుకుతాం?” లేచి, చెప్పులు వేసుకుని, ఈసారి ఏమీ కుట్టించుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ వారమంతా మాణిక్యం కుట్టిన జాకెట్లకు చేతులు బిగుతుగా వచ్చాయని ఇద్దరు ముగ్గురు తిరిగి తెచ్చారు.

సెప్టెంబరులో వీరాస్వామి పదవీకాలం ముగిసింది. మూడో కుర్చీకి తగినవారెవరని పురుషోత్తం రిజిస్టర్లు తీయిస్తే భీమశంకరం పేరు అన్నిటికంటే పైన ఉంది. లోకం కాదన్న మాటను ఎదురు చెప్పకుండా, మొహం చిట్లించకుండా, అప్పీలు చేసుకోకుండా ఒప్పుకున్నవాడు వార్డులో ఇంకొకడు లేడు. కబురు అందగానే ఆయన వచ్చి చేరాడు. ‘మా రోజుల్లో’ అనడానికి ఆయనకు శిక్షణ అవసరం పడలేదు.

ఇప్పుడు పదింటినుంచి అయిదింటిదాకా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. ఆయన రాసిన ఫైలు తడి ఆరకముందే ఆమె చేతికి వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన కారియరు ఆయన విప్పుకుంటాడు, ఆమెది ఆమె విప్పుకుంటుంది. ఒకరి గిన్నెలోకి ఒకరు చూడరు, పలకరించుకోరు. గదిలో నలుగురూ ఉంటారు కదా.