క్యూలో ఒకటి తక్కువ

రిజర్వాయరులో ఊళ్లు మునిగినవారికి మనోవేదన ఉండవచ్చునని ప్రభుత్వం ఎట్టకేలకు సూత్రప్రాయంగా అంగీకరించింది. దేవరకొండ దిక్కు ముంపు ఊళ్లవాళ్లను నల్లగొండ శివారు రేకుల షెడ్లలో దించిన కొన్నేళ్లకు, అక్కడ మనశ్శాంతి కేంద్రం వెలిసింది. అందులో కుర్చీ, ఫ్యాను, పర్యవేక్షణాధికారి కమలాకర్ ఉన్నారు. (డాక్టరు పోస్టు మంజూరైంది. డాక్టరు కాలేదు.)

గోపమ్మ తన పెనిమిటి పరశురాములును అక్కడికి తీసుకుపోయింది. గొర్రెలు అమ్ముకుని వచ్చినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. పొద్దున్నే షెడ్డు ముందు తడిక తీసి, లేని గొర్రెలను మేతకు తోలుతాడు. పొద్దుగూకితే లెక్కపెట్టి, ఒకటి తక్కువైందని వెతకబోతాడు.

"సారూ, జర డాక్టరుకు చూపియ్యిండ్రి. మనిషి నాకు దక్కెటట్టు లేడు."

"రూల్ ఇనమ్మా. క్యూల కుదురుగ నిలబడ్డోళ్లకు రోగం లేనట్టు. కుదురుగ నిలబడనోళ్లకు లోపలికి పర్మిషన్ లేదు."

"మరి లోపలికి ఎవలు పోతరు సారూ?"

"ఇప్పటిదాక నేనే పోయిన."

అంతలో ఎండకు విసిగిన క్యూ చెల్లాచెదురైంది. పరశురాములు తట్టుకోలేకపోయాడు. భుజాన ఉన్న గొంగడి విదిలించి, నాలుక మడిచి "ట్రుర్ర్... హెయ్" అన్నాడు. జనమంతా ఒక్కసారిగా సర్దుకున్నారు.

"నన్ను గొర్ల లెక్క తోల్తవా బావా?" అని క్యూలో ఉన్న పక్క షెడ్డు భద్రమ్మ తిట్టింది. (వరుసలోకి వచ్చాకే తిట్టింది.)

కమలాకర్ గారు పులకించిపోయారు. పరశురాములును అక్కడికక్కడే తాత్కాలిక క్యూ నియంత్రకునిగా నియమించారు.

"గీ డ్యూటీ మాకెందుకు సారూ? నిద్రవట్టేటట్టు ఇలాజు చేయిండ్రి," అంది గోపమ్మ.

"ఉద్యోగం చేసేటాయనకు మనసు బాగలేకుంట ఎట్లుంటదమ్మా? నేను చేస్తలేనా?"

మధ్యాహ్నానికే కేంద్రం పేరు మోగిపోయింది. పై అధికారులు వచ్చి క్యూ పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

పొద్దుగూకింది. పరశురాములు క్యూను లెక్కపెట్టి గోపమ్మ దగ్గరికి వచ్చాడు. కళ్ల నిండా నీళ్లు.

"ఒకటి తక్కువైందే," అంటూ కట్టె అందుకున్నాడు.

గోపమ్మ లోపలి ఖాళీ కుర్చీ వంక చూసింది.

"ఇయ్యాల నీ లెక్క కరెక్టే. నడువు, నేను గూడ వస్త. దొరికితే చెవులు వట్టి తోల్కొద్దాం. డాక్టరంటరు దాన్ని."

మర్నాడు కేంద్రం తలుపు మీద నోటీసు కనిపించింది: డాక్టరును వెతకడం క్యూ నియంత్రకుని విధి కాదు. అది ఎవరి విధో ఇంకా ఖరారు కాలేదు.