తోడు అవసరమైన సంచి

మంచుకొండ మీంచి పడకుండా దిగడం మానవజాతి ఎప్పుడో నేర్చుకుంది. దిగడానికి కాళ్ళకు కట్టుకునే ఆ పొడుగాటి బద్దలను, అంటే స్కీలను, విమానం ఎక్కించడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. ఈ లోటును విమాన సంస్థలు గుర్తించాయి. గుర్తించి, తగిన నిబంధనలు రూపొందించి, ఇక ముందు నేర్చుకునే ప్రమాదం కూడా లేకుండా చేశాయి.

ఈ సంగతి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఒకావిడకు కాస్త ఆలస్యంగా తెలిసింది. పొద్దస్తమానం జనాన్ని యంత్రం ముందు నిలబెట్టి "ఊపిరి బిగపట్టండి... ఆఁ, ఇక వదలండి" అనడం ఆవిడ ఉద్యోగం. విరిగిన ఎముకలు లెక్కలేనన్ని చూసిన మనిషి కనక తన ఎముకల మీద మమకారం ఎక్కువ. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగేది. అదే కొంప ముంచింది. ఒకనాడు అది వదినగారి కంటపడింది.

వదినగారంటే ఆవిడ భర్తకు స్వయానా అక్క. మంచుకొండ పాదాన లాడ్జి నడుపుతారు. ఏటా ఆ కొండ మీద దిగుడు పందెం పెడతారు, ఏటా ఆవిడే గెలుస్తారు. (పందెం నియమాలు రాసేది కూడా ఆవిడే. రెంటికీ సంబంధం లేదని ఆవిడే చెప్పారు.)

"మా మరదలు మెట్టు దిగాలంటేనే గోడని అడుగుతుంది. ఇక కొండేం దిగుతుంది, పాపం!" అన్నారు వదినగారు నలుగురిలో.

ఆ 'పాపం' అనకపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఎక్స్‌రే ఆవిడ మర్నాడే షాపింగ్ మాల్ వెనక ఉన్న కృత్రిమ మంచు హాల్లో చేరింది. డ్యూటీ దిగాక అక్కడికి పోయి, తన నడుముదాకా కూడా రాని పిల్లకాయల మధ్య పడుతూ లేస్తూ రెండేళ్ళు నేర్చుకుంది. ఒకసారి తన మోకాలికి తనే ఎక్స్‌రే తీసుకుంది. ఊపిరి బిగపట్టమని తనకు తనే చెప్పుకుంది. చివరికి సొంతంగా స్కీలు కొనుక్కుని పందేనికి పేరిచ్చింది.

"స్కీలు అక్కడ అద్దెకు దొరుకుతాయి కదా, ఇక్కణ్ణుంచి మోసుకుపోవడం దేనికి?" అన్నాడు భర్త. ఆయన లెక్కల మాస్టారు. ఏ సమస్యకైనా అడ్డదారి ఒకటి ఉండి తీరుతుందని నమ్మకం.

"అద్దెకు ఎవరిస్తారండీ?"

"ఇంకెవరు, మా అక్కే."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "సరే, మనవే పట్టుకెళ్దాం" అన్నాడు.

ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసులో మూల నుంచి మూలకు పెడితే స్కీలు పట్టేస్తాయని ఆయన కాగితం మీద రుజువు చేశాడు. రుజువులో ఎక్కడా తప్పు లేదు. స్కీలు మాత్రం మూరెడు బయటికి పొడుచుకొచ్చాయి. "సూట్‌కేసు సరిగ్గా లేదు" అని తేల్చి, భార్యాభర్తలిద్దరూ సంచుల దుకాణానికి బయల్దేరారు.

దుకాణంలో టై కట్టుకున్న అమ్మకందారు ఎదురొచ్చి కుర్చీలు వేశాడు.

"ముందు మీ స్కీల గురించి మీ అభిప్రాయం చెప్పండి మేడమ్."

"అభిప్రాయమేముంది బాబూ, విరక్కూడదు."

"అందరూ మొదట అలాగే అనుకుంటారు" అని నిట్టూర్చి, ఆయన ఒక గట్టి పెట్టె తెచ్చి చూపించాడు. ఏనుగు తొక్కినా చెక్కు చెదరదట. ఒకటే చిక్కు. విమానంలో ఎంత బరువు ఒప్పుకుంటారో, ఖాళీ పెట్టె సరిగ్గా అంత తూగుతుంది.

"మరి స్కీలు పెడితే?" అంది ఆవిడ.

"బరువు దాటిపోతుంది మేడమ్."

"పెట్టకపోతే?"

"బ్రహ్మాండంగా చేరుతుంది. ఈ పెట్టె మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు."

రెండోది పల్చటి సంచి. దానికి బరువన్నదే లేదు. "ఇందులో స్కీలకు రక్షణ ఏముంటుంది?" అంటే, "దుమ్ము పడదు" అన్నాడు.

మూడోది లోపల దూది పరిచి, కింద చక్రాలు వేసిన నారింజరంగు సంచి. అన్నీ సరిపోయాయి. పొడవు మాత్రం విమాన సంస్థ గీసిన గీతను ఒక్క చక్రమంత దాటింది.

"ఆ చక్రాలు పీకేసి ఇవ్వకూడదూ?" అన్నాడు మాస్టారు.

అమ్మకందారు ముఖం మాడ్చుకున్నాడు. "చక్రాల సంచి అని చెప్పి చక్రాలు లేనిది అమ్మితే మోసం సార్. మేం అలాంటి వ్యాపారం చెయ్యం."

నిజాయితీ గల దుకాణం కాబట్టి పనికిరాని సంచే కొనుక్కుని ఇంటికొచ్చారు.

పొడవు సంగతి ముందే మాట్లాడుకుందామని ఆవిడ విమాన సంస్థకు ఫోన్ చేసింది. యంత్రం ఎత్తింది.

"మీ సామాను ఎలాంటిదో ఒక్క మాటలో చెప్పండి."

"పొడుగు."

"ధన్యవాదాలు. మీరు 'గొడుగు' అన్నారు. గొడుగును చేతిలో పట్టుకుని ప్రయాణించవచ్చు. శుభయాత్ర."

నాలుగోసారి ఆవిడ అరిచిన అరుపుకి యంత్రం బెదిరి, మనిషికి కలిపింది. ఆ మనిషి హోదా పొడుగు సామాన్ల ఉపసలహాదారు. ఆయన మర్యాదగా రెండు నిబంధనలు చదివాడు. మొదటిది: స్కీలను మెత్తటి వస్తువులతో చుట్టి తీరాలి. రెండోది: స్కీల సంచిలో స్కీలు తప్ప మరే వస్తువూ ఉండకూడదు.

"రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయండీ?"

"ఒకేసారి చదవకూడదమ్మా. అవి వేరువేరు పేజీల్లో ఉన్నాయి."

ప్రయాణం రోజు రానే వచ్చింది. విమానాశ్రయంలో పొడుగు సామాన్లకు వేరే కౌంటరు, దానికి వేరే అధికారి. మెడలో కొలత టేపు వేసుకుని, డాక్టరు స్టెతస్కోపు వేసుకున్నంత గంభీరంగా ఉన్నాడు. సంచిని యంత్రంలోకి పంపాడు. ఎక్స్‌రే యంత్రం కనిపించగానే ఆవిడ అలవాటు చొప్పున "ఊపిరి బిగపట్టండి" అంది. అధికారి బిగపట్టాడు. తర్వాత వదిలి, సంచి తెరిపించాడు.

"ఇదేమిటి?"

"స్వెటరండీ. స్కీలకు చుట్టాను."

"స్వెటరా, మెత్తటి వస్తువా? ఏదో ఒకటి తేల్చండి. స్వెటరయితే ఇది బట్టల సంచి అవుతుంది. బట్టల సంచి ఇంత పొడుగుండకూడదు."

"అయితే మెత్తటి వస్తువే."

"రాసి ఇవ్వండి. అక్కడికెళ్ళాక దీన్ని తొడుక్కోకూడదు. ఎవరైనా తొడుక్కున్నట్టు తెలిస్తే మెత్తటి వస్తువును దుర్వినియోగం చేసినట్టు."

ఆవిడ రాసి ఇచ్చింది. (బయట మంచు, లోపల వదినగారు. చలికి లోటుండదని తెలిసీ ఇచ్చింది.)

అప్పుడు టేపు పెట్టి కొలిచాడు. చక్రమంత ఎక్కువ. ఇంత పొడుగుది సామాన్ల అరలో పెట్టడానికి వీల్లేదనీ, సీటు తీసుకుంటే అభ్యంతరం లేదనీ సెలవిచ్చాడు. సీట్లో కూర్చునే వాళ్ళ పొడవు మీద నిబంధన ఏదీ లేదు. సరేనని సంచికి కూడా ఒక సీటు తీసుకున్నారు.

"ఇది తనంతట తాను నడుస్తుందా?" అని అడిగాడు అధికారి, కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా.

"లేదండీ."

"అడిగితే సమాధానం చెబుతుందా?"

"చెప్పదు."

"అయితే ప్రత్యేక సహాయం కావలసిన ప్రయాణికుల కింద వస్తుంది. పక్కన తోడు ఉండాలి. ఎవరు సంతకం పెడతారు?"

ఆవిడ చేతులు పాస్‌పోర్టులతో నిండి ఉన్నాయి. "ఇలా ఇవ్వండి, నేను పెడతాను" అన్నాడు మాస్టారు. జీవితంలో లెక్క తప్పడం ఆయనకు అదే మొదలు.

విమానం ఎక్కబోయే ముందు మైకులో ఒక ప్రకటన వచ్చింది. సీట్లకంటే టికెట్లు ఎక్కువ అమ్ముడైనందుకు సంస్థ ఆనందిస్తోందనీ, ఎవరో ఒకరు ఆగిపోవాలనీ దాని సారాంశం. గేటు దగ్గరి అమ్మాయి తెర మీద చూసి ఎక్స్‌రే ఆవిణ్ణే పిలిచింది.

"సారీ మేడమ్, మీరే ఆగాలి."

"నేనా? అసలు ప్రయాణం నాదమ్మా! కావాలంటే సంచిని ఆపండి."

"ప్రత్యేక సహాయం కావలసిన వాళ్ళను ఆపకూడదు మేడమ్. చాలా అమానుషం."

"పోనీ నేను ఆగిపోతాలెండి" అన్నాడు మాస్టారు.

"మీరు తోడు కదా సార్. మీరు ఆగితే పాపం అది ఒంటరిదైపోతుంది."

"అయితే స్కీలిక్కడే వదిలేసి నేను వెళ్తాను. వదినగారి దగ్గర అద్దెకే తీసుకుంటాను" అంది ఆవిడ. రెండేళ్ళ పంతాన్ని మింగి అన్న మాట అది.

గేటు అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆ మాట గట్టిగా అనకండి మేడమ్. సంచులు వదిలేసి వెళ్ళేవాళ్ళను భద్రత వాళ్ళకు అప్పగిస్తాం."

అద్దాల గోడ ఇవతల నిలబడి ఆవిడ చూస్తూ ఉండిపోయింది. సంచిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, అందరికంటే ముందు విమానంలోకి తోసుకుపోయారు. (సంచికి సొంత చక్రాలున్న సంగతి ఎవరూ ఎత్తలేదు.) పక్కనే మాస్టారు, వెనక్కి చూస్తూ, చెయ్యి ఊపాలో వద్దో తెలియక ఆ చేతిని సంచి భుజం మీద వేసి నడిచాడు.

తర్వాతి విమానంలో ఖాళీ ఉందన్నారు, లేదన్నారు, ఉంటుందేమో కూర్చోమన్నారు. ఆవిడ విమానాశ్రయంలోనే కూర్చుంది. పందెం వేళయింది. అక్కడ మాస్టారు, భార్య ఏ క్షణానైనా వస్తుందన్న ఆశతో సంచిని కొండమీది దాకా లాక్కెళ్ళి, బయల్దేరే గీత పక్కన నిలబడ్డాడు. ఉండబట్టలేక ఆవిడ ఫోన్ చేసింది. తియ్యడానికి ఆయన సంచి పిడి వదిలాడు.

"హలో... ఎక్కడున్నావోయ్... అయ్యో! అయ్యో, అయ్యయ్యో!"

"ఏమైందండీ? పడ్డారా?"

"నేను కాదు. అది వెళ్ళిపోతోంది!"

పందెం మొదలుపెట్టమని ఈల వేసిందీ అప్పుడే. నారింజ సంచి నునుపైన పొట్ట మీద బాణంలా జారుకుంటూ, రెండు మలుపులు తనంతట తానే తిరిగి, చివరి వాలులో వదినగారి పక్కనుంచి దూసుకుపోయి గీత దాటింది. పందెం నియమం ప్రకారం పేరు నమోదైన వారిలో ఎవరి స్కీలు రెండూ ముందు గీత దాటితే వారే విజేత. మనిషి ప్రస్తావన అందులో లేదు. (ఒక ఏడు వదినగారు గీతకు ఇవతలే చతికిలపడగా ఆవిడ స్కీలు మాత్రం అవతలికి పోయాయి. ఈ నియమం పుట్టింది ఆ సాయంత్రమే.) సంచికి వేలాడుతున్న ట్యాగు మీద మరదలి పేరు స్పష్టంగా ఉంది.

కాసేపటికి వదినగారే ఫోన్ తీసుకున్నారు.

"ఏమ్మాయ్, గెలిచావటగా."

"నేను రాలేదు కదా వదినగారూ."

"అందుకే గెలిచావు" అని పెట్టేశారు.

ఎక్స్‌రే ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గెలిచిన సంతోషం మాస్టారికి దక్కింది. దిగిన సంతోషం సంచికి దక్కింది. ముఖానికి తగిలే గాలి, కాళ్ళకింద జారే కొండ, చివరి వాలులో వదినగారిని దాటేటప్పుడు పక్కకు తిరిగి ఒక్కసారి చూసే చూపు, ఆవిడకు కావలసింది అది. అక్కడే కూర్చుని విమాన సంస్థకు ఫిర్యాదు పంపింది. నష్టపరిహారం అడగలేదు. నన్ను ఎందుకు తీసుకెళ్ళలేదని మాత్రం అడిగింది.

జవాబు వెంటనే వచ్చింది.

"మీరు ప్రయాణించలేదన్న మీ వాదనను పరిశీలించాము. మీ పేరుగల ట్యాగు గమ్యం చేరడమే కాక, అక్కడి పందెంలో మొదటి స్థానం పొందినట్టు మాకు తెలిసింది. కనుక మీరు చేరలేదని నమ్మడానికి ఆధారాలు లేవు. విజేతకు మా అభినందనలు. మీ తిరుగు ప్రయాణం రేపు ఉదయం. మీరు ఆలస్యమైతే సంచి మీకోసం ఆగదని గమనించగలరు."